పాత మినీబైకు బాగుచేయడం: ఇంజన్ ముందు, రంగు చివర

మూలన పడి ఉన్న పాత మినీబైకు చేతికి రాగానే చాలామంది మొదట చేసే పని గరుకు కాగితం తీసుకుని రంగు గీకడం. అక్కడే సగం బండ్లు ఆగిపోతాయి. ఫ్రేము మెరుస్తుంది కానీ ఇంజన్ తిరగదు. తిరిగేలా చేసే పనిలో కొత్త రంగంతా నూనె మరకలు, పానా గీతలు. అందుకే వరస తిప్పండి. ముందు ఇంజన్, తర్వాత ఫ్రేము, ఆ తర్వాత రంగు లేకుండానే బండి మొత్తం ఒకసారి బిగించి చూడటం, ఆఖరికి రంగు.

ఇక్కడ చెప్పేది 1960లు, 70ల్లో అమెరికాలో వచ్చిన గొట్టపు ఫ్రేము మినీబైకుల గురించి. గడ్డి కోసే యంత్రాల్లో వాడే 3 నుంచి 5 హార్స్‌పవర్ సైడ్ వాల్వ్ ఇంజన్ (వాల్వులు సిలిండర్ పక్కన ఉండే రకం), తాడు లాగే స్టార్టర్, సెంట్రిఫ్యూగల్ క్లచ్ (ఇంజన్ వేగం పెరిగితే దానంతట అదే పట్టుకునేది), ఒక చైను, చిన్న చక్రాలు. అంతే బండి. ఇంజన్ ఎక్కువగా బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్‌దో టెకమ్సేదో అయి ఉంటుంది. ఇంజన్ కవరు మీద కొట్టిన మోడల్ నంబరు ముందే రాసి పెట్టుకోండి. విడిభాగాలన్నీ ఆ నంబరు మీదే దొరుకుతాయి.

విప్పే ముందు

ఫోటోలు తీయండి. బండి మొత్తం నాలుగు వైపులా తీస్తే చాలదు. కార్బొరేటర్ దగ్గర గవర్నర్ (ఇంజన్ వేగం హద్దు దాటకుండా చూసే ఏర్పాటు) స్ప్రింగులు ఏ రంధ్రంలో తగిలించి ఉన్నాయో, వెనక ఇరుసు మీద వాషర్లు, స్పేసర్లు ఏ వరసలో ఉన్నాయో, బ్రేకు కేబుల్ ఫ్రేముకు ఏ వైపు నుంచి వస్తుందో దగ్గర నుంచి తీయండి. గవర్నర్ స్ప్రింగు పక్క రంధ్రంలోకి మారితే ఇంజన్ వేగమే మారిపోతుంది. తీసిన బోల్టును, ఇబ్బంది లేకపోతే, అదే రంధ్రంలో తిరిగి రెండు చుట్లు తిప్పి వదిలేయండి. డబ్బాలో వేసి కలిపేసుకుంటే తర్వాత తంటా.

బోల్టుల విషయంలో ఇంకో మాట. ఈ బండ్లు అంగుళాల లెక్కవి. 5/16 అంగుళం బోల్టు లావు 7.94 మి.మీ., కాబట్టి చూపుకు 8 మి.మీ. మెట్రిక్ బోల్టు లాగే ఉంటుంది. కానీ 5/16 ముతక మర అంగుళానికి 18 చుట్లు, అంటే చుట్టుకు చుట్టుకు మధ్య 1.41 మి.మీ. మామూలు 8 మి.మీ. బోల్టుకు అది 1.25 మి.మీ. తప్పు బోల్టు రెండు చుట్లు వేలితోనే తేలిగ్గా ఎక్కి, మూడో చుట్టుకు బిగుసుకుంటుంది. అక్కడ పానా వేసి బలంగా తిప్పితే ఇంజన్ అల్యూమినియంలో మర మొత్తం ఊడొస్తుంది. మరలు కొలిచే గేజ్ లేకపోతే పాత బోల్టును, కొత్త బోల్టును మర మీద మర ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పళ్లు పొడుగునా ఒకదానిలో ఒకటి కూర్చుంటే అదే కొలత.

పాత రంగు, స్టిక్కర్లు ముప్పాతిక వంతు బాగానే ఉంటే వాటి జోలికి వెళ్లకండి. సబ్బు నీళ్లతో కడిగి, పాలిష్ పట్టి, తుప్పు చోట మాత్రమే పని చేయండి. కొత్త రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు, ఫ్యాక్టరీ రంగు ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు.

ఇంజన్ బిగుసుకుపోయి ఉంటే

తాడు లాగకండి. స్పార్క్ ప్లగ్ తీసి, గేర్‌బాక్స్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్లకు వాడే ఎర్రటిది), అసిటోన్ సగం సగం కలిపి రెండు మూడు చెంచాలు ఆ రంధ్రంలో పోయండి. అసిటోన్ తొందరగా అంటుకుంటుంది, కాబట్టి గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయండి. రెండు మూడు రోజులు నాననిచ్చి, తాడు లాగితే తిరిగే బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపండి. వెంట్రుక మందం కదిలిందంటే పని అయినట్టే, ఇంకొంచెం పోసి మర్నాడు మళ్లీ ఊపండి. ప్లగ్ రంధ్రంలో కడ్డీ పెట్టి సుత్తితో కొడితే పిస్టన్ తలకు బొక్క పడుతుంది.

ఇంజన్ తిరుగుతుంటే కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి, చూడాలి. బ్రిగ్స్ ఇంజన్లకు గేజ్ కంటే చెయ్యే నమ్మకం, ఎందుకంటే స్టార్టింగ్ తేలిక కోసం వాటిలో వాల్వును కాస్త ఆలస్యంగా మూసే ఏర్పాటు ఉంటుంది, గేజ్ తక్కువ చూపిస్తుంది. ప్లగ్ బిగించే ఉంచి, వైరు తీసి పక్కన పెట్టి, ఫ్లైవీల్‌ను మామూలుగా తిరిగే దిశకు ఎదురుగా గట్టిగా విసిరి తిప్పండి. రబ్బరు బంతి గోడకు తగిలినట్టు ఎగిరి వెనక్కి వస్తే కంప్రెషన్ ఉన్నట్టు. మెత్తగా ఆగిపోతే ముందు అనుమానించాల్సింది పిస్టన్ రింగుల్ని కాదు, వాల్వుల్ని. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న సైడ్ వాల్వ్ ఇంజన్లో ఒక వాల్వు తెరుచుకునే ఉండి తుప్పుతో పట్టేస్తుంది.

హెడ్ (సిలిండర్ పై మూత) విప్పితే వాల్వులు రెండూ కళ్లెదుటే ఉంటాయి. ఫ్లైవీల్ తిప్పుతూ చూడండి. పైకి లేచి కిందికి దిగని వాల్వు కాడ మీద తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి, చెక్కముక్కతో నెమ్మదిగా తట్టండి. మసిని చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో గీకండి, ఇనుప స్క్రూడ్రైవర్ అల్యూమినియం మీద గీతలు పెడుతుంది. వాల్వు కూర్చునే చోట గుంటలుంటే లాపింగ్ పేస్ట్ (అరగదీసే గరుకు ముద్ద) పెట్టి, చుట్టూ తెగకుండా బూడిదరంగు ఉంగరం కనిపించేదాకా అరగదీయండి. ఇలా అరగదీస్తే వాల్వు కొంచెం కిందికి దిగి, కాడకూ ట్యాపెట్‌కూ (వాల్వును కింది నుంచి పైకి తోసే ముక్క) మధ్య సందు తగ్గిపోతుంది. 5 హార్స్‌పవర్ బ్రిగ్స్‌కు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ సందు 0.13 నుంచి 0.18 మి.మీ., ఎగ్జాస్ట్ సందు 0.23 నుంచి 0.28 మి.మీ. ఉండాలి. ఇందులో తిప్పే స్క్రూ ఉండదు. తక్కువైతే వాల్వు కాడ అడుగును రవ్వంత అరగదీయాలి. ఎక్కువ తీస్తే తిరిగి పెట్టలేరు, అందుకని ప్రతి రెండు మూడు రుద్దులకూ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూడండి.

హెడ్ వంగిందో లేదో తెలియాలంటే మందపాటి గాజు పలక మీద 220 నంబరు గరుకు కాగితం పరిచి, హెడ్‌ను దాని మీద సున్నాలు చుడుతున్నట్టు నాలుగుసార్లు తిప్పండి. మెరవని చోటు పల్లంగా ఉన్నట్టు. అంతా మెరిసేదాకా తిప్పి, కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులు ఎదురెదురుగా మూడు దఫాలుగా బిగించండి. 5 హార్స్‌పవర్ బ్రిగ్స్‌కు చివరి బిగువు 16 న్యూటన్ మీటర్లు. హెడ్ బోల్టుల్లో పొడుగు తేడాలుంటాయి. పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడుగుది పెడితే అది అడుగుకు ఆని, బిగిసినట్టు అనిపిస్తుంది కానీ గ్యాస్కెట్ నొక్కుకోదు. విప్పేటప్పుడే అట్టముక్క మీద హెడ్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఆ చోట గుచ్చి ఉంచండి.

నిప్పురవ్వ

ఈ ఇంజన్లకు బ్యాటరీ లేదు. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం కాయిల్ పక్క నుంచి వెళ్లినప్పుడు పాయింట్లు (కరెంటు దారిని మూసి తెరిచే చిన్న స్విచ్) తెరుచుకుంటే ప్లగ్‌లో రవ్వ పుడుతుంది. పాయింట్లు ఫ్లైవీల్ కింద ఉంటాయి. నట్టు తీసి పుల్లర్‌తో ఫ్లైవీల్ లాగండి. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర సుత్తితో కొడితే మర చెడుతుంది, క్రాంక్ వంగినా వంగుతుంది.

ఫ్లైవీల్ బయటికి రాగానే, దాన్ని క్రాంక్ మీద సరైన చోట పట్టి ఉంచే చిన్న ముక్క, కీ, చూడండి. బ్రిగ్స్‌లో ఇది మెత్తటి లోహంతో చేసినది, దెబ్బ తగిలితే క్రాంక్ బదులు అది తెగాలని. అర మిల్లీమీటరు పక్కకు జరిగినా టైమింగ్ తప్పి, తాడు వెనక్కి గుంజుతుంది లేదా ఇంజన్ అసలు అందుకోదు. అలాంటి చోట ఇనుప కీ చెక్కి పెట్టకండి, అసలు కీయే తెచ్చుకోండి. నట్టు 88 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. కీ తెగడానికి మామూలు కారణం నట్టు వదులుగా ఉండటమే.

పాయింట్ల మీద నల్లటి పొర ఉంటుంది. సన్నటి ఆకురాయితో ఒకటి రెండుసార్లు తుడిచి, తెల్ల కాగితం ముక్క మధ్యలో పెట్టి, పాయింట్లు మూసి కాగితాన్ని లాగండి. నల్లటి చార వస్తే ఇంకో శుభ్రమైన చోటుతో మళ్లీ లాగండి. కాగితం తెల్లగా వచ్చేదాకా ఇదే పని. వేలు తగిలితే ఆ జిడ్డుకే రవ్వ ఆగిపోతుంది, కాబట్టి చివరిసారి కాగితం లాగాక ముట్టుకోవద్దు. క్రాంక్ తిప్పి పాయింట్లు బాగా తెరుచుకున్న చోట ఆపి సందు 0.5 మి.మీ. పెట్టండి. బ్రిగ్స్ పాయింట్లలో మళ్లీ మళ్లీ నూనె చేరుతుంటే, వాటిని తోసే చిన్న ప్లంజర్ రంధ్రం అరిగిపోయినట్టు. దానికి కొత్త బుష్ వేయిస్తే తప్ప పాయింట్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

కాయిల్ కాళ్లకూ ఫ్లైవీల్‌కూ ఉన్న తుప్పును గరుకు కాగితంతో తీసేసి, రెంటి మధ్య మామూలు విజిటింగ్ కార్డు ఒక్కటి పెట్టి, అయస్కాంతం కాయిల్‌ను లాగి పట్టుకున్నప్పుడు బోల్టులు బిగించండి. 5 హార్స్‌పవర్ బ్రిగ్స్‌కు కావాల్సింది 0.25 నుంచి 0.36 మి.మీ. ఛాంపియన్ జే8సీ ప్లగ్ ఈ ఇంజన్లకు పాత నేస్తం, సందు 0.76 మి.మీ. మర భాగం అంతకంటే పొడుగున్న ప్లగ్ పెట్టవద్దు, లోపల తగిలే ప్రమాదం ఉంది.

పెట్రోలు దారి

ట్యాంకు ఊపి లోపల టార్చి వేసి చూడండి. మామూలు తుప్పయితే సిట్రిక్ యాసిడ్, లీటరు వేడి నీళ్లకు 50 నుంచి 100 గ్రాముల చొప్పున కలిపి, నిండా పోసి ఒక రాత్రి ఉంచండి. బయటికి పోశాక వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి అన్ని మూలలకూ తగిలేలా తిప్పండి. ఈ చివరి పని గంట ఆలస్యమైతే లోపల మళ్లీ నారింజరంగు దిగుతుంది. ట్యాంకుకు బొక్క ఉంటే ఇంట్లో వెల్డింగ్ పెట్టకండి. పెట్రోలు ఖాళీ చేసిన ట్యాంకే పేలుతుంది, లోపల ఆవిరి మిగిలి ఉంటుంది కాబట్టి.

కార్బొరేటర్ రెండు రకాల్లో ఒకటి. బ్రిగ్స్‌లో చాలావాటికి అది ట్యాంకు మీదే కూర్చుంటుంది, మధ్యలో పల్చటి డయాఫ్రం ఉంటుంది. అది గట్టిపడితే ఇంజన్ లేస్తూ పడుతూ ఊపిరాడనట్టు నడుస్తుంది. కొత్త డయాఫ్రం వేశాక కూడా అలాగే ఉంటే ట్యాంకు పైభాగం మీద ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి ఆనించండి. 0.05 మి.మీ. ఫీలర్ దాని కింద దూరుతుందంటే ట్యాంకు అక్కడ పల్లమైంది.

టెకమ్సే కార్బొరేటర్ ఫ్లోట్ గిన్నె రకం. గిన్నె అడుగున దాన్ని పట్టి ఉంచే నట్టు ఉత్త నట్టు అనుకుని పక్కన పెట్టేయకండి, పెట్రోలు వెళ్లే జెట్ అదే. దాని ఒంటికి కంటికి సరిగా ఆనని సన్నటి రంధ్రం ఇంకొకటి ఉంటుంది, ఐడిల్ (థ్రాటిల్ వదిలేసినప్పటి తక్కువ వేగం) పెట్రోలు అందులోంచి వెళుతుంది. చోక్ వేస్తేనే నడిచే ఇంజన్లలో చాలావాటికి రోగం ఈ రంధ్రమే. మెత్తటి రాగి వైరులోంచి ఒక్క పోగు తీసి దూర్చండి. సూదితోనో డ్రిల్లుతోనో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు లెక్క తప్పుతుంది. రబ్బరు సీట్లు, డయాఫ్రంలు తీసేశాకే కార్బ్ క్లీనర్ కొట్టండి. బిగించాక ప్రధాన జెట్ స్క్రూను మెల్లగా లోపలికి ఆనేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి, ఐడిల్ స్క్రూను ఒక చుట్టు వెనక్కి. గట్టిగా ఆనిస్తే సూది మొనకు గాడి పడుతుంది.

ఇంజన్ ఆయిల్ ఎస్ఏఈ 30, సుమారు 600 మి.లీ. ఇందులో ఆయిల్ పంపు లేదు, కనెక్టింగ్ రాడ్ అడుగునో గేరుకో ఉన్న రెక్క నూనెను చిమ్ముతుంది. మట్టం తగ్గితే మొదట విరిగేది ఆ రాడ్డే. వేగం కోసం గవర్నర్ పీకేస్తారు కొందరు. ఈ ఇంజన్ గరిష్ఠంగా నిమిషానికి 3600 చుట్లకు చేసినది. గవర్నర్ లేకుండా అంతకు మించి తిరిగితే రాడ్డు విరిగి బ్లాకుకు బొక్క పెడుతుంది, ఫ్లైవీల్ పగిలే ప్రమాదమూ ఉంది. గవర్నర్‌ను కదపకండి.

ఫ్రేము

హ్యాండిల్ గొట్టం వెల్డింగు, ఇంజన్ కూర్చునే పలక మూలలు, వెనక ఇరుసు పలకలు, ఈ మూడు చోట్ల పగుళ్లు వెతకండి. రంగు మీద వెంట్రుకంత తుప్పు గీత కనిపిస్తే అనుమానించాల్సిందే. ఆ చోట రంగు తీసి కిరోసిన్ పూసి, ఐదు నిమిషాల తర్వాత పొడిగా తుడిచి, సుద్దపొడి రాయండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ బయటికి ఊరి, తెల్లటి సుద్ద మీద తడి గీత గీస్తుంది. పగులు రెండు చివర్లా 3 మి.మీ. రంధ్రం వేసి, గాడి తీసి, అప్పుడు వెల్డింగ్ చేయించండి. రంధ్రం వేయకపోతే వెల్డింగ్ పక్క నుంచి పగులు ముందుకు సాగుతుంది. వెల్డింగుకు ముందు క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టవద్దు, ఆ వేడికి ప్రాణాంతకమైన ఫాస్జీన్ వాయువు పుడుతుంది.

ఇప్పుడు రంగు లేని ఫ్రేము మీద అన్నీ బిగించండి. చక్రాలు, ఇంజన్, చైను, బ్రేకు, కేబుళ్లు, సీటు, చైన్ గార్డు. చైను గార్డుకు రాసుకోవడం, కొత్త టైరు ఫెండర్‌కు తగలడం, సైలెన్సర్ కాలికి ఆనడం, అన్నీ ఇక్కడే బయటపడతాయి. కొత్త రంధ్రం వేయాల్సి వస్తే ఇప్పుడే వేయండి. పూర్తయ్యాక మళ్లీ మొత్తం విప్పాలి. విసుగే, కానీ ఈ పనికి ఒక పూట పడుతుంది, రంగు వేశాక కనిపెడితే రంగే పోతుంది.

రంగు

పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. ఇనుము బయటపడ్డాక 80, తర్వాత 180 నంబరు కాగితం, ఎపాక్సీ ప్రైమర్, దాని మీద 400తో తడి రుద్దుడు, ఆపైన పల్చటి పూతలు మూడు. ఒక మందపాటి పూత కారుతుంది, లోపల ఆరదు. మామూలు స్ప్రే డబ్బా రంగు మీద పెట్రోలు చుక్క పడితే కరిగిపోతుంది, ట్యాంకు దగ్గర మాత్రం హార్డెనర్ కలిపే రకం పైపూతే వాడండి. ఆ ఆవిరిలో ఐసోసైనేట్లు ఉంటాయి, గుడ్డ మాస్కు దానికి చాలదు. తగిన శ్వాస పరికరం లేకపోతే పెయింటరుకు ఇవ్వడం మేలు.

పౌడర్ కోటింగ్ గట్టిదే. కానీ మందంగా పడి, కొట్టిన సీరియల్ నంబరును పూడ్చేస్తుంది. బేరింగు గూళ్లు, మరలు, నంబరు ముందే మూయించండి. ఇంజన్ పలక మీద బోల్టు ఆనే చోట రంగు పల్చగా ఉండాలి. మందపు రంగు నలిగి ఇంజన్ వదులవుతుంది, చైను తప్పుతుంది. ఇంజన్ ఆపే స్విచ్ తీగ ఫ్రేముకు తగిలే చోటు కూడా పచ్చి ఇనుముగా వదలండి.

చక్రాలు

చిన్న రిములు చాలావరకు రెండు సగాలు కలిపి బోల్టులతో బిగించినవి. బోల్టుకు పానా పెట్టే ముందు వాల్వు పిన్ను పూర్తిగా తీసి ట్యూబులో గాలి అసలు లేకుండా చేయండి. గాలి ఉండగా విప్పితే రిము సగం తుపాకి గుండులా ఎగిరి ముఖానికి తగులుతుంది. తిరిగి కలిపేటప్పుడు ట్యూబుకు టాల్కమ్ పౌడర్ పట్టించి, గుండ్రంగా నిలబడేంత గాలి మాత్రమే కొట్టండి. మొత్తం చుట్టూ చూశాకే బోల్టులు బిగించండి. రెండు సగాల మధ్య ట్యూబు నలిగితే మొదటి రోజే పంక్చరు. బోల్టులు బిగిశాక పూర్తి గాలి, సుమారు 20 పీఎస్ఐ.

బేరింగులు పాతవి కడిగి వాడాలనే ఆశ వద్దు. వేలితో తిప్పినప్పుడు గరగర అంటే మార్చండి. కొత్తవి దించేటప్పుడు బయటి ఉంగరాన్నే తట్టండి.

క్లచ్, చైను, బ్రేకు

క్లచ్ డ్రమ్ములో బుష్‌కు సన్నటి నూనె రెండు చుక్కలు, అంతకు మించి వద్దు. షూలకు నూనె తగిలితే జారుతుంది. నల్లగా మెరుస్తున్న షూలను 120 నంబరు కాగితంతో గరుకు చేయండి. ఐడిల్ నిమిషానికి 1750 చుట్ల దగ్గర ఉంచండి. క్లచ్ సుమారు 2000 దాటాక పట్టుకోవాలి. ఐడిల్‌లోనే బండి ముందుకు గుంజితే ఐడిల్ ఎక్కువైంది లేదా క్లచ్ స్ప్రింగు విరిగింది.

చాలా బండ్లకు 35 నంబరు చైను ఉంటుంది, గంటు గంటుకూ 9.525 మి.మీ. చైను బిగువుగా పట్టి 32 గంట్లు కొలవండి. కొత్తదయితే 304.8 మి.మీ. 309 దాటితే మార్చాలి, లేకపోతే కొత్త స్ప్రాకెట్‌ను కూడా అదే తినేస్తుంది. రెండు స్ప్రాకెట్లూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో పొడుగు స్కేలుతో చూసి, మధ్యలో 12 మి.మీ. వదులు ఉంచండి. లింకు క్లిప్పు మూసిన వైపు చైను వెళ్లే దిశలో ఉండాలి.

క్లచ్‌కు 12 పళ్లు, వెనక 72 పళ్లు ఉంటే 6కు 1. ఇంజన్ 3600 తిరిగితే చక్రం 600. టైరు వ్యాసం 12 అంగుళాలైతే గంటకు దాదాపు 34 కిలోమీటర్లు. వెనక స్ప్రాకెట్ చిన్నది వేసి వేగం పెంచితే క్లచ్ జారి కాలిపోతుంది, ఎత్తు ఎక్కదు.

కొన్ని పాత బండ్లకు ఇనుప రేకు టైరుకు రాసుకునే బ్రేకు ఉంటుంది. తడిలో అది దాదాపు లేనట్టే. ప్రదర్శనకు ఉంచుకుంటే సరే, నడిపేటట్టయితే బ్యాండ్ బ్రేకు వేయండి. లివర్ బ్యాండును చక్రం తిరిగే దిశలోనే లాగేలా బిగించాలి, అప్పుడు డ్రమ్మే బ్యాండును ఇంకా బిగదీస్తుంది. తిరగేసి పెడితే ఎంత నొక్కినా అరకొరగా పట్టుకుంటుంది.

థ్రాటిల్ వదిలితే దానంతట అదే చప్పున మూసుకోవాలి. హ్యాండిల్ ఎడమ చివరికి, కుడి చివరికి తిప్పి చూడండి. ఎటు తిప్పినా ఇంజన్ శబ్దం పెరగకూడదు. ఆపే స్విచ్ లేని బండికి స్విచ్ పెట్టి తీరాలి.

మొదటిసారి

ఆయిల్ మట్టం చూసి, వెనక చక్రం నేలకు తగలకుండా స్టాండు మీద నిలబెట్టి, బయట చేయండి. చోక్ వేసి మూడు నాలుగు లాగుళ్లు. అందుకున్నాక చోక్ మెల్లగా తీసి, ఐదు నిమిషాలు నడపండి. ప్రధాన జెట్ స్క్రూను ఎనిమిదో వంతు చుట్టు చొప్పున తిప్పుతూ, పూర్తి వేగంలో శబ్దం నిలకడగా ఉన్న చోట ఆపండి. పూర్తిగా చల్లారాక హెడ్ బోల్టులు మళ్లీ బిగువు చూడండి.

పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, కాసేపు ఆగాక మళ్లీ నడిస్తే ట్యాంకు మూత రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. మూత వదులు చేసి నడిపి చూడండి. మొదట నీలిపొగ వస్తే నానబెట్టిన నూనె కాలుతోంది, పావుగంటలో పోవాలి. పోకపోతే ఆయిల్ ఎక్కువైందేమో, బ్రీతర్ (ఇంజన్ లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి) మూసుకుందేమో చూసి, ఆ తర్వాతే రింగుల దాకా వెళ్లండి.

5 గంటలు నడిచాక ఆయిల్ వేడిగా ఉండగానే తీసి మార్చండి. ఆ పాత ఆయిల్‌ను తెల్ల గిన్నెలో వంచి చూడండి. సన్నటి వెండి తళుకు మామూలే, గోటికి తగిలే ముక్కలు కనిపిస్తే ఇంజన్ స్టార్ట్ చేయకుండా అడుగు విప్పాలి.